కోడిపిండం గుండె వేగాన్ని నిర్ణయించేది ఏది?



జంతుశాస్త్రం చదివిన ప్రతి ఒక్కరూ కోడిపిండం పటాన్ని ఎప్పుడో ఒకసారి గీసే ఉంటారు. 24 గంటల పిండం, 33 గంటల పిండం, 48 గంటల పిండం, 72 గంటల పిండం అంటూ రికార్డు పుస్తకంలో వరుసగా గీసి, భాగాలను గుర్తించి, చివర అధ్యాపకుల సంతకం చేయించుకోవడం మన కళాశాలల్లో ఏనాటి నుంచో ఉన్న ఆనవాయితీ. ఆ పటాల్లో గుండె అంటే వంపు తిరిగిన ఒక చిన్న గొట్టం. పటంలోని గుండె కదలదు. అందువల్ల అది నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందన్న ప్రశ్న మనకు తట్టదు.

నాకు ఆ ప్రశ్న 1980ల చివరలో, డిగ్రీ ప్రయోగశాలలో ఎదురైంది. మూడు రోజులు పొదిగిన గుడ్డును మా అధ్యాపకులు గోరువెచ్చని ఉప్పునీటి గిన్నెలోకి పగలగొట్టారు. పచ్చసొన మీద ఒక ఎర్రని చుక్క ఆగకుండా కొట్టుకుంటోంది. ఒకరి తర్వాత ఒకరం భూతద్దంతో చూసి, వాచీ పెట్టుకుని స్పందనలు లెక్కించి రాసుకోవాలి. వరుసలో చివరివాణ్ని నేను. నా వంతు వచ్చేసరికి చాలాసేపు గడిచింది. నేను లెక్కపెట్టిన అంకె, మొదట చూసిన మిత్రుడి అంకెలో సగం కూడా లేదు. నేనే తప్పు లెక్కపెట్టి ఉంటానని భయపడి, నా అంకెను కొట్టేసి అతని అంకెనే రాసుకున్నాను. సంతకం అయింది, మార్కులూ వచ్చాయి.

నా లెక్క తప్పు కాదని తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. గిన్నెలో నీళ్లు చల్లారాయి, వాటితో పాటే గుండె నెమ్మదించింది. అంతే జరిగింది. నేను కొట్టేసిన అంకెలో ఒక నిజం ఉంది. దాన్ని నేనే చెరిపేశాను.

ఈ ప్రసంగంలో మనం చర్చించబోయే ప్రశ్న దీనికి దగ్గరిదే. ఒక పిండం గుండె తోటి పిండాల గుండెల కన్నా నెమ్మదిగా గానీ, వేగంగా గానీ కొట్టుకుంటే, దానికి జన్యువులో వచ్చిన మార్పు, అంటే ఉత్పరివర్తనం, కారణమని ఎప్పుడు చెప్పగలం? ఈ ప్రశ్నకు సమాధానం ఒక్కరోజులో దొరకలేదు. దాని వెనుక రెండు వేల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఎక్కువ భాగం కోడిగుడ్డులోనే జరిగింది.

కదిలే చుక్క

క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ పొదిగిన గుడ్లను పరిశీలించి, మూడు రోజుల తర్వాత గుండె ఒక రక్తపు చుక్కలాగా కనిపిస్తుందని, ప్రాణమున్న దానిలాగా అది కదులుతుందని రాశాడు. అప్పటికి సూక్ష్మదర్శిని లేదు. కంటితో చూసి చెప్పిన మాట అది.

సుమారు రెండు వేల ఏళ్ల తర్వాత ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే మళ్లీ ఆ చుక్క దగ్గరకే వచ్చాడు. రక్త ప్రసరణను వివరించిన ఆయన గ్రంథం 1628లో వెలువడింది. జంతువుల పుట్టుక గురించిన గ్రంథం 1651లో వచ్చింది. గుండె వేగంగా కొట్టుకుంటుంటే ఏ గది ముందు ముడుచుకుంటుందో కంటికి అందదు. అందుకే ఆయన శీతల రక్త జంతువుల గుండెలను, చనిపోబోతున్న జంతువుల నెమ్మదించిన గుండెలను పరిశీలించి, ముందు కర్ణిక, తర్వాత జఠరిక ముడుచుకుంటాయని తేల్చాడు. కోడిగుడ్డులో ఆయన ఇంకో సంగతి గమనించాడు. గుడ్డు చల్లగాలికి ఉంటే చుక్క నెమ్మదిస్తుంది. వెచ్చదనం తగిలితే తిరిగి పుంజుకుంటుంది. మా కళాశాల గిన్నెలో జరిగింది ఇదే.

పిండం తన వేడిని తాను కాపాడుకోలేదు. దాని వేడి తల్లికోడి నుంచో, పొదిగే యంత్రం నుంచో రావాలి. గుండె కణాల్లో జరిగే రసాయన చర్యలు వేడి తగ్గితే మందగిస్తాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పడిపోతే గుండె వేగం సుమారుగా సగానికి, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగుతుంది. ఉదాహరణకు 38 డిగ్రీల వద్ద నిమిషానికి 150 సార్లు కొట్టుకునే గుండె 28 డిగ్రీల వద్ద 70 సార్లు కొట్టుకోవచ్చు. ఇంత పెద్ద తేడా రావడానికి ఏ జన్యువూ మారనక్కరలేదు. కిటికీ తెరిచి ఉంటే చాలు.

హార్వే తర్వాత ఇటలీకి చెందిన మార్సెల్లో మాల్పీజీ 1670లలో సూక్ష్మదర్శినితో కోడిపిండాన్ని చూసి, గుండె గొట్టం ఎలా వంపు తిరుగుతుందో బొమ్మలు గీశాడు. చుక్క కాస్తా గొట్టమైంది. ఆ గొట్టాన్ని కొట్టుకునేలా చేసేది ఏమిటన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

నాడులు రాకముందే లయ

గుండె తనంతట తానే కొట్టుకుంటుందా, నాడులు ఆజ్ఞాపిస్తే కొట్టుకుంటుందా? పంతొమ్మిదో శతాబ్దంలో ఇది పెద్ద వివాదం. 1893లో జర్మన్ భాషా ప్రాంతపు శాస్త్రవేత్త, చిన్న విల్‌హెల్మ్ హిస్, పిండాన్ని సాక్షిగా పిలిచాడు. పిండంలో నాడులు గుండెను చేరకముందే గుండె కొట్టుకుంటోంది. కాబట్టి ఆరంభ లయ గుండె కండరంలోనే పుడుతుందని ఆయన వాదించాడు.

మరి మొదటి స్పందన ఎప్పుడు? అమెరికాలో ఫ్లోరెన్స్ సాబిన్ బతికున్న కోడిపిండాలను గంటల తరబడి సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, శరీరంలో పది సోమైట్ జతలు ఏర్పడే దశలో గుండె మొదలవడం చూశానని 1920లో ప్రకటించారు. సోమైట్లంటే వెన్ను పొడవునా జతలుగా ఏర్పడే కణజాలపు దిమ్మలు. 1933లో ప్యాటెన్, క్రామర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చలనచిత్ర కెమెరాను సూక్ష్మదర్శినికి అమర్చి ఈ ఘట్టాన్ని పరిశీలించారు. మొదటి కదలిక జఠరిక భాగంలో, కుడి అంచున కనిపించింది. అది క్రమం లేని, నెమ్మదైన కదలిక.

ఇక్కడే అసలు విషయం మొదలవుతుంది. పిండం గుండె ఒక్కసారిగా తయారు కాదు. ముందు జఠరిక భాగం, తర్వాత కర్ణిక, ఆ తర్వాత రక్తాన్ని గుండెలోకి తెచ్చే సిరాసరణి ఏర్పడతాయి. 1942లో బ్యారీ అనే శాస్త్రవేత్త పిండం గుండెను ముక్కలుగా కోసి, ఏ ముక్క ఎంత వేగంగా కొట్టుకుంటుందో విడివిడిగా లెక్కించారు. సిరాసరణి వైపు ముక్కలు అన్నిటికన్నా వేగంగా, బయటికి పోయే దారి వైపు ముక్కలు అన్నిటికన్నా నెమ్మదిగా కొట్టుకున్నాయి. బృంద గానంలో అందరికన్నా ముందుగా ఎత్తుకున్న వారి వేగమే మిగతావారికీ వేగమవుతుంది కదా! గుండెలోనూ అంతే. కొత్తగా చేరిన వేగవంతమైన భాగం లయారంభకమై, మిగతా గుండెను తన వేగంతో నడిపిస్తుంది. రెండో రోజున నిమిషానికి వంద లోపు ఉన్న వేగం, పిండం పెరిగే కొద్దీ పెరిగి, రెండో వారానికి రెండు వందలు దాటడంలో ఈ మార్పుకు ముఖ్యమైన పాత్ర ఉంది.

దీనివల్ల మనకు రెండో హెచ్చరిక దొరుకుతుంది. మొదటిది ఉష్ణోగ్రత, రెండోది వయసు. ఒకే రోజు పొదగబెట్టిన రెండు గుడ్లలోని పిండాలు ఒకే వయసువి కాకపోవచ్చు. గుడ్డు పెట్టాక ఎన్ని రోజులు నిల్వ ఉంది, యంత్రంలో ఏ మూల ఉంది అనే వాటిని బట్టి ఎదుగుదల మారుతుంది. ఈ చిక్కును తీర్చడానికే 1951లో హ్యాంబర్గర్, హామిల్టన్ కోడిపిండం అభివృద్ధిని గంటలతో కాకుండా అవయవాల రూపంతో గుర్తించే 46 దశలుగా విభజించారు. నేటికీ ప్రపంచమంతటా పిండశాస్త్రజ్ఞులు వాడేది ఆ పట్టికనే. కొంచెం వెనుకబడిన పిండం గుండె నెమ్మదిగా ఉండటం సహజం. దాన్ని ఉత్పరివర్తనం అనుకుంటే పొరపాటు.

1959లో డీహాన్ ఇంకో అద్భుతాన్ని చూపారు. గుండె మొదట కుడి, ఎడమ వైపుల రెండు మూలాలుగా ఏర్పడి, మధ్యలో కలుస్తుంది. కలవకుండా అడ్డుకుంటే పిండంలో రెండు గుండెలు తయారై, దేని లయ దానిదిగా కొట్టుకున్నాయి. 1981లో జపాన్‌లో కామినో బృందం విద్యుత్ పీడనాన్ని బట్టి కాంతిని మార్చే రంగును పిండానికి పట్టించి, గుండె కంటికి కదలకముందే, ఏడెనిమిది సోమైట్ల దశలోనే విద్యుత్ స్పందనలు మొదలవుతాయని నిరూపించింది. అంటే కండరం ముడుచుకోవడానికి ముందే లయ పుడుతుంది. మనం చూసే స్పందన ఆ విద్యుత్ లయకు బయటి రూపం.

ఎవరూ సరిచూడని గుండె

ఈ దారిలో ఒక పెద్ద పొరపాటు కూడా జరిగింది. 1912 జనవరిలో న్యూయార్క్‌లో అలెక్సిస్ కారెల్ కోడిపిండం గుండె ముక్కను గాజు పాత్రలో పెంచడం మొదలుపెట్టారు. ఆ ఏడాదే ఆయనకు వేరే కృషికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కణజాలాన్ని 1946 వరకు, అంటే కారెల్ మరణించిన తర్వాత కూడా, 34 ఏళ్లు కొనసాగించారు. అది చావులేని గుండె అని పత్రికలు రాశాయి. నిజానికి ఆ ముక్క కొట్టుకోవడం తొలి నెలల్లోనే ఆగిపోయింది. ఆ తర్వాత పెరిగినవి గుండె కండరం కణాలు కావు, సంధాయక కణజాలపు కణాలు. 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ మామూలు మానవ కణాలు పరిమితమైన సార్లే విభజన చెందుతాయని చూపాక, కారెల్ ఫలితం మీద నమ్మకం సడలింది. ఆ ఫలితాన్ని ఇతరులు తిరిగి సాధించలేకపోయారు.

అంతకాలం ఎందుకు నిలిచింది? పెద్దాయన చెప్పిన దానికి తమ లెక్క కుదరకపోతే, తమదే తప్పనుకున్నవారు చాలామంది ఉండి ఉంటారు. మిత్రుడి అంకెను రాసుకున్న నేను వారిని తప్పుపట్టలేను.

ఈకల జన్యువు, గుండె వేగం

ఇక జన్యువుల సంగతికి వద్దాం. మెండెల్ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని 1902లో బేట్సన్ నిరూపించింది కోళ్లతోనే. కోడి జుట్టు ఆకారం తరతరానికీ ఎలా సంక్రమిస్తుందో ఆయన చూపారు. ఆ తర్వాత కోళ్లలో ఎన్నో ఉత్పరివర్తనాలు వెలుగులోకి వచ్చాయి. వాటిలో ఒకటి మన ప్రశ్నకు సరిగ్గా సరిపోతుంది.

కొన్ని కోళ్లకు ఈకలు వెనక్కి మెలితిరిగి ఉంటాయి. వీటిని ఆంగ్లంలో ఫ్రిజిల్ కోళ్లంటారు. ఇవి భారతదేశంలో అరుదేమీ కావని చార్లెస్ డార్విన్ 1868లోనే రాశాడు. అమెరికాలోని కనెక్టికట్‌లో వాల్టర్ లాండౌర్ వీటి జన్యువును అధ్యయనం చేశారు. ఈ జన్యువు రెండు ప్రతుల్లోనూ మారితే ఈకలు పెళుసై రాలిపోతాయి, కోడి దాదాపు బోడిగా మిగులుతుంది. గుండె స్పందనలను యంత్రంతో లెక్కించడంలో ఆరితేరిన వైద్యుడు ఎర్నెస్ట్ బోయస్‌తో కలిసి లాండౌర్ 1933లో ఈ కోళ్ల గుండెలను పరిశీలించారు. వాటి గుండె మామూలు కోళ్ల గుండె కన్నా వేగంగా కొట్టుకుంటోంది, పరిమాణంలోనూ పెరిగింది.

అయితే ఇది గుండె జన్యువా? కాదు. 2012లో ఈ ఉత్పరివర్తనం కేఆర్‌టీ75 అనే జన్యువులో ఉందని తేలింది. అది ఈక కాడకు బలమిచ్చే కెరటిన్ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు. ఈకలు సరిగా లేని కోడి ఒంట్లోని వేడి బయటికి పోతుంది. పోయిన వేడిని పూడ్చడానికి ఆహారాన్ని ఎక్కువగా దహించాలి. దహనానికి ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ అందించడానికి గుండె వేగంగా పనిచేయాలి. ఈకలో మొదలైన లోపం నాలుగు మెట్లు దాటి గుండెను చేరింది.

ఇప్పుడు ఇదే జన్యువు గుడ్డులో ఉన్న మూడు రోజుల పిండంలో ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. అప్పటికి ఈకలు లేవు. వేడి బయటి నుంచే వస్తోంది. కాబట్టి ఆ దారిలో గుండె వేగం మారే అవకాశమే లేదు. ఒకే ఉత్పరివర్తనం, ఒకే కోడి, కానీ ప్రభావం వయసును బట్టి, పరిసరాన్ని బట్టి ఉంటుంది. ఇది మన మూడో హెచ్చరిక.

నాలుగో హెచ్చరిక క్రీపర్ అనే పొట్టికాళ్ల కోడి నుంచి వస్తుంది. క్రీపర్ జన్యువు ఒక ప్రతిలో మారితే కాళ్లు పొట్టివవుతాయి. రెండు ప్రతుల్లోనూ మారితే పిండాల్లో ఎక్కువ భాగం మూడు, నాలుగు రోజులకే చనిపోతాయి. చనిపోతున్న ఏ పిండం గుండె అయినా నెమ్మదిస్తుంది. అక్కడ మందగించిన గుండె రోగానికి కారణం కాదు, ఫలితం. 2016లో ఈ ఉత్పరివర్తనం ఎముకల ఎదుగుదలకు అవసరమైన ఐహెచ్‌హెచ్ జన్యువు ఉన్న డీఎన్‌ఏ ముక్క తొలగిపోవడమని తేలింది.

చేప చెప్పిన సంగతి

మరి గుండె లయనే నేరుగా మార్చే జన్యువు ఏది? దానికి జవాబు కోడి నుంచి కాకుండా చేప నుంచి రావడం ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు. వేలకొద్దీ ఉత్పరివర్తనాలను వెదకాలంటే ఎన్నో తరాలను, ఎన్నో వేల పిండాలను పెంచాలి. కోడి గుడ్డు పెట్టే వయసుకు రావడానికి సుమారు ఐదారు నెలలు పడుతుంది, పెంచడానికి చోటు కావాలి. వేలెడంత కూడా లేని జీబ్రా చేప మూడు నెలలకే గుడ్లు పెడుతుంది, దాని పిండం గాజులా పారదర్శకం.

అంతకు ముందు 1979లో బ్రౌన్, డిఫ్రాన్సెస్కో, నోబుల్ లయారంభక కణాల్లో ప్రత్యేకమైన ఒక విద్యుత్ ప్రవాహాన్ని వర్ణించారు. దాన్ని ఇలా ఊహించుకోండి. చుక్కలు పడే కుళాయి కింద, నిండగానే బోర్లాపడే చెంబు ఉంది. చెంబు నిండుతుంది, బోర్లాపడుతుంది, ఖాళీ అయి మళ్లీ నిలబడుతుంది. ఎంత తొందరగా బోర్లాపడుతుందన్నది చుక్కల వేగం మీద ఆధారపడుతుంది. లయారంభక కణంలోకి ప్రతి స్పందన తర్వాత అయాన్లు కొద్దికొద్దిగా చేరి, విద్యుత్ పీడనాన్ని పెంచి, తర్వాతి స్పందనను పుట్టిస్తాయి. అవి లోనికి వచ్చే మార్గాలను తయారుచేసే జన్యువుల్లో ముఖ్యమైనది హెచ్‌సీఎన్4.

1996లో జర్మనీ, అమెరికా ప్రయోగశాలలు జీబ్రా చేపల్లో వేలకొద్దీ ఉత్పరివర్తనాల ఫలితాలను ప్రకటించాయి. వాటిలో గుండె నెమ్మదిగా కొట్టుకునే ఒక రకానికి స్లో మో అని పేరు పెట్టారు. 1997లో బాస్టన్ శాస్త్రవేత్తలు ఆ చేప గుండె కణాల్ని విడదీసి కొలిచారు. 1979లో వర్ణించిన ఆ ప్రవాహమే వాటిలో బాగా తగ్గిపోయింది. ఇక్కడ ఉష్ణోగ్రత తేడా లేదు, వయసు తేడా లేదు. పిండం మొత్తం మీద ఆరోగ్యంగానే ఉంది. విడదీసిన ఒక్క కణంలోనూ లోపం కనబడింది. అందుకే ఆ సాక్ష్యానికి అంత బలం.

2003లో హెచ్‌సీఎన్4 జన్యువును తొలగించిన ఎలుక పిండాల గుండెలు బాగా నెమ్మదించాయని, ఆ పిండాలు పదకొండు రోజులు దాటి బతకలేదని తేలింది. అదే ఏడాది గుండె లయ లోపమున్న ఒక మనిషిలో ఈ జన్యువులో ఉత్పరివర్తనం కనుగొన్నారు. 2006లో ఇటలీలోని ఒక కుటుంబంలో ఇదే జన్యువులోని మరో ఉత్పరివర్తనం వల్ల గుండె వేగం వంశపారంపర్యంగా తక్కువగా ఉందని తేలింది. వారికి ఆ నెమ్మది వల్ల వేరే ఇబ్బంది లేదు. జన్యువు పూర్తిగా లేకపోతే మరణం, ఒక ప్రతిలో కొద్దిగా మారితే నెమ్మదైన నాడి. ఉత్పరివర్తనం అనే ఒక్క మాటలో ఇంత వ్యత్యాసం దాగి ఉంది.

ఇంకో రకం జన్యువులు ఉన్నాయి. అవి లయను పుట్టించవు, గుండెను నిర్మిస్తాయి. ఈగలో గుండె ఏర్పడటానికి అవసరమైన జన్యువుకు, కథల్లోని గుండె లేని తగరపు మనిషి పేరు మీద, టిన్‌మ్యాన్ అని పేరు పెట్టారు. అది లేని ఈగకు గుండె ఏర్పడదని 1993లో తేలింది. వెన్నెముక గల జంతువుల్లో దాని బంధువు ఎన్‌కేఎక్స్2-5. ఈ జన్యువు మారిన కొన్ని కుటుంబాల్లో కర్ణికల మధ్య గోడలో రంధ్రంతో పాటు, కర్ణిక నుంచి జఠరికకు విద్యుత్ సంకేతం సరిగా చేరని లోపం ఉందని 1998లో గుర్తించారు. అలాంటి గుండెలో కర్ణిక మామూలు వేగంతో, జఠరిక నెమ్మదిగా కొట్టుకోవచ్చు. అప్పుడు గుండె వేగం ఎంత అని అడిగితే, ఏ గదిలో లెక్కపెట్టారు అని ఎదురు ప్రశ్న వేయాలి.

మళ్లీ గుడ్డు దగ్గరకు

చేప, ఎలుక, మనిషి జన్యువుల పేర్లను అందించాక, వాటి పనిని పరీక్షించడానికి శాస్త్రవేత్తలు తిరిగి గుడ్డును ఆశ్రయించారు. గుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోసి, పని చేసి, టేపు అంటించి మళ్లీ పొదగబెట్టవచ్చు. తల్లి గర్భంలో పెరిగే ఎలుక పిండంతో ఇది సాధ్యం కాదు. 1990ల చివరలో స్వల్ప విద్యుత్ ఘాతాలతో డీఎన్‌ఏను పిండ కణాల్లోకి పంపే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. దీంతో ఒక జన్యువును కోరుకున్న చోట, కోరుకున్న గంటలో ఎక్కువ చేయవచ్చు, అణచివేయవచ్చు. ఇది నిజమైన ఉత్పరివర్తనం కాదు, ఆ పిండం సంతానానికి సంక్రమించదు. ఉత్పరివర్తనం చేసే పనికి ఇది ఒక నమూనా మాత్రమే.

మనుషుల్లో టీబీఎక్స్5 జన్యువు మారితే చేతుల్లో, గుండెలో లోపాలు వస్తాయని 1997లో తెలిసింది. ఈ జన్యువు జఠరికల మధ్య గోడ ఎక్కడ లేవాలో నిర్ణయిస్తుందని 2003లో కోడిపిండంలో చూపారు. 2004లో కోడి జన్యుక్రమం ప్రచురితమైంది. సుమారు వంద కోట్ల అక్షరాల ఆ క్రమం అడవికోడిది. భారతదేశం నుంచి ఆగ్నేయాసియా దాకా అడవుల్లో తిరిగే ఈ పక్షే పెంపుడు కోళ్లకు ముఖ్య పూర్వీకురాలు. 2013లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు ఇంకో సంగతి కనుగొన్నారు. కోడిపిండంలో లయారంభక కణాలు, అప్పటివరకు గుండెకు మూలాలని తెలిసిన ప్రాంతాలకు వెలుపలి నుంచి వస్తాయి. వాటి భవిష్యత్తు గుండె కొట్టుకోవడానికి ముందే నిర్ణయమవుతుంది. అదే ఏడాది కోడిలో ఒక జన్యువును గురిచూసి తొలగించడం కూడా సాధ్యమైంది. చేప ముందుండి చూపిన దారిలో కోడి ఇప్పుడు తానూ నడవగలదు.

మనకు దీనితో పనేమిటి?

ఇది పరీక్ష కోసం చదివి మరిచిపోయే విషయం కాదు. గుండె లోపంతో పుట్టే పిల్లలు మన ఊళ్లలోనూ ఉన్నారు. గర్భంలో శిశువు గుండె నెమ్మదిగా ఉందని వైద్యులు చెప్పినప్పుడు ఆ తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న, ఇది మా వల్ల వచ్చిందా అని. దానికి తొందరపడి అవును అన్నా, కాదు అన్నా ఒక కుటుంబం జీవితాంతం ఆ మాటను మోస్తుంది.

గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు లోపించే మార్పు దక్షిణాసియా ప్రజల్లో సుమారు 4 శాతం మందిలో ఉందని 2009లో వెలువడిన అధ్యయనం తెలిపింది. అందులో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్నారు. ఈ మార్పు గుండె కండరం జబ్బు ముప్పును పెంచుతుంది. కానీ అది ఉన్న ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. చాలామంది ఏళ్ల తరబడి ఆరోగ్యంగానే ఉంటారు. జన్యువు ఉండటం వేరు, అది జబ్బుగా మారడం వేరు. ఈకల కోడి మనకు చెప్పిన పాఠం ఇదే.

అందుచేత విద్యార్థులారా, గుండె వేగం మారడానికి ఉత్పరివర్తనమే కారణమని ఎవరైనా చెబితే కొన్ని ప్రశ్నలు అడగండి. రెండు పిండాల ఉష్ణోగ్రత ఒకటేనా? వాటి దశ ఒకటేనా, లేక గంటలే ఒకటా? అదే తల్లిదండ్రుల పిండాల్లో మార్పు ఉన్నవాటినీ లేనివాటినీ పక్కపక్కన పెట్టి చూశారా? ఏ పిండంలో ఏ జన్యువుందో తెలియకుండా లెక్కపెట్టారా? గుండె నెమ్మదించడం లోపానికి కారణమా, చావుకు సూచనా? గుండెను ఒంటరిగా, ఒక్క కణంగా విడదీసినా ఆ తేడా నిలిచిందా? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు దొరికిన తర్వాతే జన్యువు పేరు చెప్పాలి.

జన్యువు అన్న మాటే హార్వేకు తెలియదు. అయినా చల్లబడిన చుక్క నెమ్మదించిందని చూసింది చూసినట్టు రాశాడు. ఆ వాక్యం ఇన్నేళ్ల తర్వాత కూడా నిలిచింది. నా రికార్డు పుస్తకంలోని అంకె నిలవలేదు, ఎందుకంటే అది నాది కాదు. మీరు ప్రయోగశాలలో లెక్కపెట్టిన అంకె పక్కవారి అంకెతో కలవకపోతే దాన్ని చెరిపేయకండి. దాని పక్కనే సమయం, ఉష్ణోగ్రత, పిండం దశ రాయండి. తర్వాత మీ అధ్యాపకుల దగ్గరకు వెళ్లి, ఇది ఎందుకు ఇలా వచ్చిందని అడగండి.